మెహర్బానీ అక్కర్లేదు, ఒక చెక్క పలక చాలు

కుర్బానీ గోష్తు పంపకాలు అయిపోయి, అందరం నడుం వాల్చిన వేళ మా ఆపా ఒక మాట అడిగింది. "కొండ రైలు ఎక్కాలని ఉంది రా. ఒక్కసారి."

ఆపాకు 53 ఏళ్లు. రెండో ఏట పోలియో వచ్చింది. నలభై దాటే దాకా కాళ్లకు ఇనుప పట్టీలు, చంకలో కర్ర. ఆ తర్వాత భుజాలు అరిగిపోయి వీల్‌చైర్‌లోకి మారింది. గల్లీ పిల్లలకు అరబ్బీ చదువు చెప్తుంది, జాకెట్లు కుడుతుంది. ఇన్నేళ్లలో తన కోసం ఇది కావాలని అడిగింది నాకు గుర్తు లేదు. అడిగితే ఎవరికో తక్లీఫ్ అవుతుందని ఆమె లెక్క. అలాంటి మనిషి నోటి వెంట ఖ్వాహిష్ అనే మాట రావడమే నాకు ఈద్ లాగా అనిపించింది. అదే రాత్రి టికెట్ల గురించి వెతకడం మొదలుపెట్టాను.

వెళ్లింది ఏ కొండ రైలో, ఏ స్టేషనో రాయను. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోది కాదు, అంతవరకే. రాస్తే ఆ రోజు మాకు సాయం చేసిన కూలీల మీదికి ఎవరైనా వెళ్తారేమోనని భయం. పైగా ఇది ఒక్క స్టేషన్ మీద రాస్తున్న షికాయత్ కాదు.

టికెట్ కొనడానికి ముందు ఫోన్లు చేశాను. బోగీ తలుపు వెడల్పు ఎంత? మెట్లు ఎన్ని? లోపల కుర్చీ పెట్టుకునే జాగా ఉంటుందా? బాత్‌రూం సంగతేమిటి? మూడు చోట్ల అడిగితే మూడు చోట్లా ఒకటే జవాబు: "రండి సార్, చూసుకుందాం." గొంతులో ఏ విసుగూ లేదు, నిజంగా మంచిగానే చెప్పారు. మన దేశంలో మాజూర్ మనుషుల సఫర్‌కి ఉన్న మొత్తం ఇంతజామ్ ఆ రెండు మాటల్లోనే ఉందని అప్పటికి నాకు తెలియదు. రండి, చూసుకుందాం.

వెళ్లాం. చూసుకున్నారు. ఇద్దరు కూలీలు వచ్చారు. ఒకతను చంకల కింద చేతులు వేశాడు, ఇంకొకతను మోకాళ్ల కింద. ఆపా దుపట్టా జారిపోతుంటే నేను పట్టుకున్నాను. గైర్ మర్ద్ ఎదుట గట్టిగా మాట్లాడటానికే లిహాజ్ చేసే మనిషి, ఇద్దరు తెలియని మగవాళ్ల చేతుల మీద గాల్లో ఉంది. చుట్టూ నిలబడ్డవాళ్లలో ఒకాయన ఫోన్ తీశాడు. ఇంకొకాయన నాతో, "ఎందుకండీ పాపం ఆమెను ఇంత కష్టపెట్టడం, ఇంట్లో యూట్యూబ్‌లో చూపిస్తే పోదా" అన్నాడు. ఆయన నీయత్ చెడ్డది కాదు. అందుకే నాకు ఏం జవాబు చెప్పాలో తోచలేదు.

వీల్‌చైర్‌ని మడిచి సామాన్లలో పడేశారు. దిగేటప్పుడు చూస్తే కాళ్లు పెట్టుకునే రేకు వంగిపోయి ఉంది. సీట్లో కూర్చోబెట్టాక ఆపా ఊపిరి సర్దుకుని, నవ్వుతూనే అడిగింది: "మై క్యా సామాన్ హూం రే?"

తలుపుకు దగ్గరగా ఉంటే సులువని ఆమెను ఆ వైపు సీట్లోనే కూర్చోబెట్టారు. లోయలన్నీ అవతలి వైపు వచ్చాయి. మధ్యలో ఒకచోట రైలు పది నిమిషాలు ఆగింది. అందరూ దిగి ఫోటోలు దిగారు, చాయ్ తాగారు. మళ్లీ కూలీలను పిలిచి దింపించుకోవడం ఆమెకు ఇష్టం లేదు. "మీరు పొండి" అంది. వేరే కుటుంబంలోని చిన్నపాప ఒకతె పరిగెత్తుకుంటూ వచ్చి, బయట తీసిన ఫోటోలు తన వాళ్ల ఫోన్‌లో ఆపాకు చూపించింది. చూడండి, డబ్బిచ్చి కొండ ఎక్కి, చివరికి కొండను ఫోన్‌లోనే చూసింది. ఆ యూట్యూబ్ సలహా ఇచ్చినాయన మాటే నెగ్గింది.

ఇంకో సంగతి రాయడానికి కొంచెం షర్మ్‌గా ఉంది, కానీ రాయకపోతే అబద్ధం అవుతుంది. ముందు రోజు మగ్రిబ్ తర్వాత నుంచి ఆపా నీళ్లు తాగలేదు. రోజా కాదు. దారిలో బాత్‌రూం అవసరం పడకూడదని. ఈ విషయం నాకు ఇంటికి వచ్చాక మా ఆవిడ చెప్పింది. వీల్‌చైర్‌లో ఉన్న ఆడవాళ్లని ఎవరినైనా అడగండి, ప్రయాణం అనగానే వాళ్లు మొదట ఆపేసేది నీళ్లు. నేను ఇరవై ఏళ్లుగా పత్రికల్లో పనిచేస్తున్నాను. ప్రతి డిసెంబర్ 3న ట్రైసైకిళ్ల పంపిణీ ఐటమ్ రాశాను, ర్యాంప్‌కి రిబ్బన్ కత్తిరించిన ఫోటోకి క్యాప్షన్ రాశాను. ఒక్కసారి కూడా ఈ నీళ్ల సంగతి నా ఐటమ్‌లోకి రాలేదు. సొంత ఇంట్లో ఉన్న మనిషి సంగతే తెలియలేదు, ఇంక ఎవర్ని అంటాను.

ఇంటికి వచ్చి చెప్తే బంధువులంతా ఒకటే మాట: "ఎంత మంచి మనుషులు, ఎత్తి మరీ ఎక్కించారు!" నిజమే. ఆ కూలీలు మంచివాళ్లు. డబ్బులు కూడా ఎక్కువ అడగలేదు. నా గొడవ వాళ్లతో కాదు. ఒక పెద్ద ఇంతజామ్ చేయాల్సిన పనిని ఇద్దరు పేదవాళ్ల నడుముల మీద, ఒక ఆడమనిషి ఇజ్జత్ మీద పడేసి, దానికి 'సాయం' అని పేరు పెట్టడం మీద నా గొడవ.

లెక్క చూద్దాం. మన బ్రాడ్‌గేజ్ లైన్లలో ఎత్తైన ప్లాట్‌ఫాం అంటే పట్టాల మీంచి 760 నుంచి 840 మిల్లీమీటర్లు. బోగీ లోపలి నేల అంతకంటే దాదాపు అడుగున్నర పైన ఉంటుంది. అంటే అన్నిటికంటే మంచి ప్లాట్‌ఫాం మీద నిలబడ్డా మెట్లు ఎక్కాల్సిందే. ఇక మధ్యరకం ప్లాట్‌ఫాం 455 మిల్లీమీటర్లే. కొన్ని చోట్ల ప్లాట్‌ఫాం పట్టాల మట్టంలోనే ఉంటుంది, అక్కడ కాళ్లు బాగున్న ముసలివాళ్లే ఎవరిదో ఒకరి చేయి పట్టుకుని ఎక్కుతారు. అదే హైదరాబాద్‌లో 2017 నవంబర్‌లో మెట్రో మొదలైంది. అక్కడ లిఫ్ట్‌లో పైకి వెళ్లి, ప్లాట్‌ఫాం మీంచి అదే మట్టంలో ఆపా తన చక్రాలు తనే తిప్పుకుంటూ లోపలికి వెళ్లగలదు. వెళ్లింది కూడా. ఎవరినీ భయ్యా అని పిలవలేదు, ఎవరికీ షుక్రియా చెప్పలేదు. అమీర్‌పేట్‌లో మాజూర్ కాని మనిషి, రైల్వే స్టేషన్‌కి రాగానే మాజూర్ ఎలా అయింది? ఆమె కాళ్లు మారలేదు కదా, మారింది ప్లాట్‌ఫామే.

మామూలు రైళ్లలో వికలాంగుల కోసం ఒక పెట్టె ఉంటుంది, గార్డు బోగీలో కలిపి. వెడల్పు తలుపు, పెద్ద బాత్‌రూం. మంచిదే. కానీ అది రైలు కొసకు ఉంటుంది. అక్కడికి ప్లాట్‌ఫాం అందుతుందో లేదో ఆ రోజు రైలు ఎక్కడ ఆగిందన్న దాన్ని బట్టి. టికెట్ మీద రాయితీ కూడా ఉంది, తోడు వచ్చేవాళ్లకు సహా. స్లీపర్‌లో ముప్పావు వంతు తగ్గిస్తారు. ఎక్కలేని రైలుకి టికెట్ చవకగా ఇవ్వడం గురించి నేను ఇంకేం చెప్పాలి?

తఫ్రీహ్ కోసం నడిపే రైళ్ల సంగతి వేరే అంటారు కొందరు. ఆసుపత్రికి వెళ్లే రైలు, పరీక్షకు వెళ్లే రైలు ముందు బాగుపడాలి, సరదా రైలు తర్వాత చూద్దాం అని. ఈ వాదన నాకు చాలా ఏళ్లు సబబుగానే తోచింది. ఆపా ముఖం చూశాక తోచడం లేదు. మాజూర్ మనిషి బయటికి వస్తే డాక్టర్ దగ్గరికో, పింఛన్ ఆఫీసుకో రావాలి, ఊరికే గాలికోసం, చూపుకోసం రాకూడదా? దీని మీద కానూన్ మన కంటే ముందే నడిచింది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 29వ సెక్షన్ పూర్తిగా సంస్కృతి, వినోదాల గురించే. 41వ సెక్షన్ రవాణా గురించి. రైల్వే స్టేషన్లు, టికెట్ కౌంటర్లు, బాత్‌రూంలే కాదు, పాత వాహనాలను కూడా వీలైనంత వరకు మార్చాలని అందులో ఉంది. 'సాంకేతికంగా వీలైతే, ఖర్చు భరించగలిగితే' అని పక్కనే ఒక కిటికీ కూడా తెరిచి పెట్టారు. ఆ కిటికీలోంచే అన్ని బహానాలూ బయటికి దూకుతాయి.

ఆ చట్టం అమల్లోకి వచ్చింది 2017 ఏప్రిల్ 19న. సరిగ్గా మూడు రోజుల ముందు, ఏప్రిల్ 16న, విశాఖపట్నం నుంచి అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైలుకి అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ బోగీ తగిలించారు. ఒకే వారంలో రెండూ వచ్చాయి. అద్దాల బోగీ ఫోటోలు అన్ని పేపర్లలో ఫస్ట్ పేజీకి ఎక్కాయి. చట్టం అమల్లోకి వచ్చిన ముచ్చట ఏ పేజీలో వచ్చిందో నన్ను అడగకండి, నేను కూడా అదే పేపర్ల మనిషిని.

తర్వాత తయారైన కొత్త విస్టాడోమ్ బోగీల్లో వీల్‌చైర్ పట్టేలా వెడల్పు తలుపులు పెట్టామని రైల్వేశాఖ చెప్పింది. షాబాష్, ఇది మాట వరసకు అంటున్నది కాదు. కానీ తలుపు ఎంత వెడల్పున్నా ప్లాట్‌ఫాం నుంచి తలుపు దాకా దారి లేకపోతే ఆ వెడల్పు లోపల ఉన్నవాళ్లకు గాలి రావడానికే పనికొస్తుంది. జపాన్‌లో స్టేషన్ సిబ్బంది మడత పెట్టే పలక ఒకటి చంకలో పెట్టుకుని వస్తారు. తలుపు దగ్గర పరుస్తారు, కుర్చీ లోపలికి వెళ్తుంది, పలక మడిచి తీసుకెళ్తారు. దిగే స్టేషన్‌లో ఇంకొకరు అదే పలకతో కాచుకుని ఉంటారు. ముందే కబురు వెళ్తుంది. రాకెట్ పంపే దేశానికి పలక చేయడం రాదా? మన ప్లాట్‌ఫాంకీ బోగీకీ తేడా ఎక్కువ కాబట్టి మన పలక పొడుగ్గా ఉండాలి, లేదా చేత్తో తిప్పే చిన్న లిఫ్ట్ కావాలి. పెళ్లి హాళ్లలో దుల్హాని పైకి లేపే స్టేజీలు చేస్తున్న మెకానిక్‌లు ప్రతి టౌన్లో ఉన్నారు.

అన్నిటికంటే గట్టి బహానా 'హెరిటేజ్'. డార్జిలింగ్ రైలుకి 1999లో, నీలగిరి రైలుకి 2005లో, కాల్కా-సిమ్లా రైలుకి 2008లో యునెస్కో గుర్తింపు వచ్చింది. వందేళ్ల బోగీలు, చిన్న పట్టాలు, వీటిని ముట్టుకోకూడదు అంటారు. డార్జిలింగ్ పట్టాల మధ్య వెడల్పు 610 మిల్లీమీటర్లు, రెండడుగులు. అందులో వీల్‌చైర్ ఎలా పెడతాం అని అడుగుతారు. బ్రిటన్‌లో, వేల్స్ ప్రాంతంలో ఫెస్టినియోగ్ అని ఒక కొండ రైలుంది. 1836లో పలకరాయి గనుల నుంచి రేవుకు రాయి మోయడానికి వేసిన లైను. దాని వెడల్పు 597 మిల్లీమీటర్లు, డార్జిలింగ్ కంటే కూడా ఇరుకు. మధ్యలో మూతపడితే వలంటీర్లు చేతులు కాల్చుకుని మళ్లీ నిలబెట్టారు. అది కూడా 2021లో యునెస్కో జాబితాలో చేరిన పలకరాయి ప్రాంతంలో భాగమే. ఆ రైళ్లలో వీల్‌చైర్‌తో సహా లోపలికి వెళ్లి కూర్చునే బోగీలున్నాయి. ముందే చెప్పి బుక్ చేసుకోవాలి, అంతే. పాత ఇంజిన్ పాతగానే ఉంది, పొగ అలాగే వస్తోంది. హెరిటేజ్‌కి ఏమీ కాలేదు.

ఇంగ్లీషోడి వేలు పట్టుకుని నడవమనడం నా ఉద్దేశం కాదు. అక్కడ కూడా జనం ఏళ్ల తరబడి కొట్లాడితేనే కానూన్ వచ్చింది. మన దగ్గర కూడా కొట్లాడినవాళ్లున్నారు. చూపులేని రాజీవ్ రతూరి 2005లో సుప్రీంకోర్టుకు వెళ్లారు, రోడ్లు, రవాణా, భవనాలు మాకూ అందాలని. 2017లో కోర్టు ఆదేశాలిచ్చింది. అమలు ఎంతవరకు జరిగిందో చూసి చెప్పమని మన హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీలోని వికలాంగుల అధ్యయన కేంద్రానికి అప్పగించింది. వాళ్లు ఊళ్లు తిరిగి, మనుషులతో మాట్లాడి రిపోర్టు ఇచ్చారు. 2024 నవంబర్ 8న వచ్చిన ఫైసలాలో కోర్టు పట్టుకున్న అసలు రోగం ఇది: ప్రభుత్వం రాసిన 15వ నిబంధన కింద ఉన్నవన్నీ సలహాలే, పాటించకపోతే ఏమీ కాదు. చట్టమేమో తప్పనిసరి అంటుంది, దాని కింది నిబంధన మర్జీ అంటుంది. ఆ నిబంధన చెల్లదని కొట్టేసి, తప్పక పాటించాల్సిన కనీస కొలతలు మూడు నెలల్లో రాయమని కేంద్రానికి హుకుమ్ ఇచ్చింది. "రండి, చూసుకుందాం" అనే మాటకి అదాలత్ భాషలో పేరు 15వ నిబంధన అని నాకు అప్పుడు అర్థమైంది.

మాజూర్ అనే మాట గురించి రెండు ముక్కలు. ఉర్దూ మీడియం స్కూల్లో ఈ మాట నేర్చుకున్నప్పుడు దాని మూలం ఉజ్ర్ అని మౌల్వీసాబ్ చెప్పారు. ఉజ్ర్ అంటే సబబైన కారణం. మాజూర్ అంటే ఆ కారణం వల్ల మినహాయింపు పొందిన మనిషి. నిలబడలేకపోతే కూర్చుని నమాజ్ చదువుకో, కూర్చోలేకపోతే పడుకుని చదువుకో, నీ మీద బరువు లేదు. ఎంత దయగల మాట! తర్వాత తెలుగు డిగ్రీలో వికలాంగుడు అనే మాట వచ్చింది, 2015 నుంచి దివ్యాంగులు అనడం మొదలైంది. కష్టం నుంచి మినహాయింపు ఇచ్చే మాటని మనం సంతోషం నుంచి మినహాయింపుగా వాడుతున్నాం. నువ్వు మాజూర్, నీకు కొండ అక్కర్లేదు, పెళ్లికి రాకపోయినా ఏమీ అనుకోం, ఇంట్లో ఉండు. హక్కు అనే తెలుగు మాట మన హక్ నుంచే వచ్చింది, ఆ మాట మాత్రం వాడం. మెహర్బానీ అని వాడతాం.

రైల్వేని అంటూ మన గడప వదిలేస్తే అది మునాఫికత్ అవుతుంది. మీ మొహల్లా మసీదుకి ఎన్ని మెట్లున్నాయో ఈ జుమ్మాకి లెక్కపెట్టండి. వజూఖానాలో చేయి పట్టుకోవడానికి కమ్మీ ఉందా? ఆడవాళ్లకు జాగా ఉంటే, అది మేడ మీద కాకుండా ఉందా? అబ్దుల్లా ఇబ్న్ ఉమ్మె మక్తూమ్‌కి చూపు లేదు. మదీనా మసీదులో అజాన్ ఇచ్చారు, రసూలుల్లా ఊళ్లో లేనప్పుడు మదీనా జిమ్మేదారీ కూడా మోశారు. ఆయన అడగవచ్చినప్పుడు ముఖం తిప్పుకున్నందుకే ఖురాన్‌లో ఒక సూరా మొదలైంది. ప్రతి బయాన్‌లో ఆ కథ వింటాం. అది విని బయటికి వచ్చి, వీల్‌చైర్ మనిషిని చెప్పుల దగ్గర వదిలేసి లోపలికి వెళ్తాం.

నేను కొండ తవ్వమనడం లేదు. బొర్రా గుహల్లో మెట్లు లేకుండా చేయమని ఏ పిచ్చివాడూ అడగడు. గుహలో చక్రాలు ఎంత దూరం వెళ్తాయి, అక్కడి నుంచి మెట్లు ఎన్ని, స్టేషన్‌లో ప్లాట్‌ఫాం ఎంత ఎత్తు, తలుపు ఎన్ని అంగుళాలు, లోపల కుర్చీ తిరుగుతుందా, బాత్‌రూం ఎక్కడ, ఇవి టికెట్ కొనే చోటే నిజాయితీగా రాసి పెట్టమంటున్నాను. 'మా దగ్గర ఇది లేదు' అని రాసినా ఫర్వాలేదు, మనిషి ఇంట్లో కూర్చునే నిర్ణయం తనే తీసుకుంటాడు. ఫోన్ తీసి "మీరు ఏ రోజు వస్తున్నారు, కుర్చీ బరువెంత" అని ఎదురు అడిగే మనిషి ఒకడు. ఒక పలక. లోయ వైపు ఒక సీటు తీసేసిన ఖాళీ జాగా. చూపులేనివాళ్లకు ఇప్పుడు ఏ సొరంగం దాటాం, కింద ఏ వాగు అని వినిపించే గొంతు, వినికిడి లేనివాళ్లకు అదే రాసి చూపించే తెర. ఎవరినైనా ఎత్తాల్సి వస్తే, ముందు అడగడం. ఆడమనిషి అయితే ఆడమనిషి చేయి. ఇంతే.

మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో. ఆపా తరం పోలియో మనుషులు ఇప్పుడు నలభై, యాభై, అరవైల్లో ఉన్నారు. మోసిన భుజాలు కూడా అరిగిపోయి ఇప్పుడే వీల్‌చైర్లలోకి వస్తున్నారు. వీళ్లకు ఇంకో ఇరవై ఏళ్లు ఆగమని చెప్పే టైమ్ లేదు. 2011 జనాభా లెక్కల్లోనే 2.68 కోట్ల మంది. మోకాళ్లు అరిగిన మన అమ్మీలు, నానీలు ఆ లెక్కలో లేరు.

మొన్న ఆపా మళ్లీ ఫోన్ చేసింది. అరకు అద్దాల బోగీ వీడియో ఎవరో పంపారట. నేను మాట్లాడే లోపే అంది, "ఈసారి కుర్చీ కొలిచి పెట్టుకున్నా. చక్రం నుంచి చక్రానికి ఇరవై అయిదు అంగుళాలు. ముందు ఆ తలుపు కొలత కనుక్కో. టికెట్ తర్వాత."

రాసుకున్నాను. పొద్దున ఫోన్ చేయాలి.